డిసెబిలిటీ పింఛనుపై పన్ను: మాజీ సైనికుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

శ్రీకాకుళంలో రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్నందున, జూలై వచ్చేసరికి పలాస, సోంపేట, టెక్కలి వైపు మాజీ సైనికులు డిసెబిలిటీ పింఛను (సైనిక సేవలో వైకల్యం కలిగినవారికి ఇచ్చే పింఛను) గురించి అడిగే ప్రశ్నలు నాకు బాగా పరిచయం. ఇక్కడ రాస్తున్నది 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయం వరకు వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టాన్ని బట్టి.

అపోహ: పన్ను మినహాయింపు పింఛనులో వైకల్యానికి ఇచ్చే భాగానికే (డిసెబిలిటీ ఎలిమెంటు), చేసిన సర్వీసుకు ఇచ్చే భాగానికి (సర్వీస్ ఎలిమెంటు) పన్ను తప్పదు.

వాస్తవం: రెండింటికీ మినహాయింపు ఉంది. దీనికి మూలం 1922 నాటి ప్రభుత్వ నోటిఫికేషన్. దానిని 1961 చట్టమూ కొనసాగించింది. 2001 జూలైలో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన ఆదేశం రెండు ఎలిమెంట్ల పేర్లూ చెప్పి మరీ ఈ సంగతిని స్పష్టం చేసింది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నా ఈ మినహాయింపు పోదు.

అపోహ: మెడికల్ బోర్డు వైకల్య శాతం రాసిచ్చిందంటే, సర్వీసు నుంచి ఎలా బయటికి వచ్చినా పన్ను ఉండదు.

వాస్తవం: ఎక్కువ చిక్కులు ఇక్కడే. సైనిక సేవ వల్ల కలిగిన, లేదా ఆ సేవ వల్ల ముదిరిన శారీరక వైకల్యం కారణంగా సర్వీసు నుంచి బయటికి పంపబడినవారికే మినహాయింపు దక్కుతుందని, పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికి దక్కదని 2019 జూన్ 24 నాటి 13వ నంబరు సర్క్యులర్ చెప్పింది. మాజీ సైనికులు దీనిని సవాలు చేయగా, సుప్రీంకోర్టు అదే ఏడాది యథాతథ స్థితి కొనసాగించమంది. అందువల్ల నేను ముందుగా అడిగేది శాతాన్ని కాదు, డిశ్చార్జి బుక్కునూ పీపీవోనూ (పింఛను మంజూరు పత్రం). అనారోగ్య కారణంగా పంపించారా, గడువు తీరి వచ్చారా అన్నది అక్కడే తెలుస్తుంది. గడువు తీరి వచ్చినవారు ఈ వివాదాన్ని తెలుసుకొని, నోటీసు వస్తే జవాబివ్వడానికి కాగితాలు సిద్ధంగా ఉంచుకొని మినహాయింపు కోరడం మంచిది.

అపోహ: రక్షణ శాఖ పింఛన్లు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోశారంటే ఆ డబ్బు ఇక తిరిగిరాదు.

వాస్తవం: కోత తుది లెక్క కాదు. రిటర్నులో మినహాయింపు ఆదాయాల జాబితాలో రక్షణ శాఖ వైద్య వైకల్య పింఛనుకు ప్రత్యేకమైన ఎంపిక ఉంది. అక్కడ చూపి రిఫండు కోరవచ్చు. అయితే ఆ పింఛను డబ్బును ఫిక్సెడ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి, రెండో ఉద్యోగపు జీతానికి ఈ రక్షణ లేదు.

అపోహ: సెక్షన్ 80యూ, ఈ మినహాయింపు ఒకటే.

వాస్తవం: కావు. 80యూ కింద కనీసం 40 శాతం వైకల్యానికి రూ.75,000, 80 శాతం లేదా అంతకు మించితే రూ.1,25,000 తగ్గింపు లభిస్తుంది. అదీ పాత విధానంలోనే.

అపోహ: భర్తకు పన్ను లేకపోతే, ఆయన పోయాక భార్యకు వచ్చే కుటుంబ పింఛనుకూ ఉండదు.

వాస్తవం: సైనిక చర్యల విధుల్లో మరణించినవారి కుటుంబ పింఛనుకు సెక్షన్ 10(19), పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర గ్రహీతల కుటుంబాలకు సెక్షన్ 10(18) మినహాయింపు ఇస్తాయి. మామూలు కుటుంబ పింఛను ఇతర ఆదాయాల కింద పన్నుకు లోబడుతుంది. అందులో మూడో వంతు లేదా కొత్త విధానంలో రూ.25,000, పాత విధానంలో రూ.15,000, వీటిలో ఏది తక్కువైతే అది తగ్గిస్తారు.