గట్టు దాటితే చట్టం మారుతుంది: ఒడిశా సరిహద్దు సేద్యంలో అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో ఒక పెద్దాయన నా బల్ల మీద ప్లాస్టిక్ సంచి బోర్లించారు. అందులో ఆంధ్రాలోని పాతపట్నంలో కొన్న స్టాంపు కాగితం ఉంది, ముత్యాల్లాంటి తెలుగు రాత. ఒడిశాలోని గుమ్మ బ్లాకులో ఒక సవర గిరిజన రైతు దగ్గర ఎకరం ముప్పై సెంట్ల మెట్ట కొన్నట్టు దాని సారాంశం. సంతకాలు నిజం, సాక్షులు నిజం, ఇచ్చిన డబ్బూ నిజమే. "ఇంక రిజిస్ట్రేషన్ ఒక్కటే మిగిలింది బాబూ" అన్నారు. చట్టం దృష్టిలో అసలు కొనుగోలే జరగలేదని ఆయనకు చెప్పడానికి నాకు గంట పట్టింది.

పర్లాకిమిడి, గుణుపురం కోర్టుల్లో నా పని చాలావరకు ఇలాంటిదే. ఇక్కడి తెలుగు రైతుకు పొలం ఒడిశాలో ఉంటుంది, ఎరువుల దుకాణం ఆంధ్రాలో ఉంటుంది, వియ్యంకులు రెండు వైపులా ఉంటారు. వియ్యంకుల మాట విని పొలం వ్యవహారాలు నడుపుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, వాళ్ల ఊళ్లో అది నిజమే. భూమికి సంబంధించిన చట్టం మాత్రం భూమి ఉన్న రాష్ట్రానిది. ఆ తేడా తెలియక వచ్చే అపోహల్లో నాకు తరచుగా ఎదురయ్యేవి కొన్ని ఇవి.

అపోహ: గిరిజనుల భూమి కొనకూడదన్నది ఏజెన్సీ మాట, మనది మైదానం. కొన్నా పన్నెండేళ్లు సాగు చేస్తే మనదే.

వాస్తవం: ముందుగా ఏది షెడ్యూల్డ్ ప్రాంతమో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతమో చూసుకోవాలి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తంగా షెడ్యూల్డ్ ప్రాంతమే. కాబట్టి గుణుపురం పట్టణం పక్కన ఎంత చదునైన పల్లపు భూమి అయినా అది 'మైదానం' కాదు. గజపతి జిల్లాలో మాత్రం ఆర్.ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు అందులోకి వస్తాయి. పర్లాకిమిడి పట్టణం, కాశీనగరం రావు. ఇక్కడ ఒక చిక్కు: గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. పేరు చూసి ఒకదాని బదులు ఇంకోదానికి అర్జీ పెట్టిన వాళ్లున్నారు. నవ్వకండి, అందులో ఒకరు నా జూనియరే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ వర్తిస్తుంది. 2002 సెప్టెంబరు 4 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కావడం పూర్తిగా నిషిద్ధం. అంతకుముందు అధికారి అనుమతితో అమ్ముకునే దారి ఉండేది, అది మూసుకుపోయింది. గిరిజన మిత్రుడి పేరు మీద కొని తాను సాగు చేసుకునే బినామీ ఏర్పాటూ చెల్లదు. సబ్‌కలెక్టరు ఎవరి ఫిర్యాదూ లేకుండా తనంతట తానే విచారణ మొదలుపెట్టి, భూమిని తిరిగి అప్పగించవచ్చు. పన్నెండేళ్ల అనుభవం అన్న వాదన కూడా అక్కడ నిలవదు. గిరిజనుల స్థిరాస్తి విషయంలో ఆ గడువును 30 ఏళ్లు చేశారు. అధికారి అనుమతితో అమ్మకాలకు మళ్లీ వీలు కల్పించాలని 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం తీర్మానించింది. వ్యతిరేకత రాగానే ఆ ఆలోచన ఆగిపోయింది. అయినా "ఆ రూలు మార్చేశారట కదా" అని ఇప్పటికీ నెలకొకరైనా అడుగుతారు. మార్చలేదు.

మరి షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట? అక్కడ ఒడిశా భూసంస్కరణల చట్టం, 22వ సెక్షను ఉన్నాయి. ఎస్టీ, ఎస్సీ రైతుల భూమిని ఆ వర్గానికి చెందనివారు కొనాలంటే రెవెన్యూ అధికారి లిఖితపూర్వక అనుమతి ఉండాలి. అనుమతి లేని దస్తావేజు ఎంత ఖరీదైన స్టాంపు మీద రాసినా చెల్లదు.

దీనికి ఎదురు అపోహ కూడా ఒకటుంది. ఆంధ్రా ఏజెన్సీలో 1/70 చట్టం గురించి విన్నవాళ్లు, రాయగడ జిల్లాలో గిరిజనేతరులు తమలో తాము కూడా కొనుక్కోకూడదనుకుంటారు. 1/70లో ఆ నిషేధం ఉన్న మాట నిజమే. ఒడిశా రెగ్యులేషన్ గిరిజనులు చేసే బదిలీల గురించి మాత్రమే. అలాగని నిశ్చింతగా ఉండలేం. ఇవాళ అమ్ముతున్న గిరిజనేతరుడి తాతకు ఆ భూమి ఎవరి నుంచి వచ్చింది? ఇప్పటి 'హాల్' రికార్డుతో ఆగకుండా పాత సెటిల్‌మెంటు 'సబిక్' ఖాతా తీయించి 1956 దాకా వెనక్కి నడవాలి. ఆ ఖర్చు దండగని బేరం కుదిరిన ఉత్సాహంలో ఉన్నవాళ్లకు అనిపిస్తుంది. నా దగ్గర నడుస్తున్న భూమి కేసుల్లో చాలావాటికి మూలం ఆ మిగిల్చిన ఖర్చే.

అపోహ: కౌలు కాగితం రాసుకుంటే ధాన్యం అమ్ముకోవడానికి, అప్పు తెచ్చుకోవడానికి చాలు.

వాస్తవం: పాతపట్నం వైపు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఉంది. భూయజమాని సంతకంతో 11 నెలల కార్డు ఇస్తారు. ఆ కార్డు చూపించి కాశీనగరంలోని పొలానికి రుణం ఇమ్మన్న రైతును నేను చూశాను. బ్యాంకు మేనేజరు పాపం మర్యాదగానే తిప్పి పంపారు. ఒడిశాలో 1960 నాటి భూసంస్కరణల చట్టం కౌలుకివ్వడాన్నే నిషేధించింది. వితంతువులు, మైనర్లు, సైన్యంలో ఉన్నవారు, శారీరక లేదా మానసిక వైకల్యం ఉన్నవారు, మరీ చిన్న కమతాలవారు వంటి కొందరికే మినహాయింపు. అలాంటి కౌలు కూడా స్థూల దిగుబడిలో నాలుగో వంతు మించకూడదు. ఊళ్లో నడిచేది సగం పాలు. కాబట్టి కాగితం రాస్తే యజమాని తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే ఎవరూ రాయరు. కాగితం లేక కౌలుదారు ఎక్కడా కనిపించడు. నిషేధం ఎవరిని కాపాడటానికి పెట్టారో వాళ్లనే చీకట్లోకి నెట్టిందని నా అభిప్రాయం. చట్టం మారేదాకా ఉన్న దారులు రెండు. యజమాని సమ్మతితో వాటాదారుగా ధాన్యం సేకరణకు పేరు నమోదు చేయించుకోవడం ఒకటి. భూమి లేని సాగుదారులను ఉమ్మడి బాధ్యత బృందాలుగా చేర్చి రుణమిచ్చే 'బలరామ్' పథకం రెండోది. ఈ పథకం 2020లో మొదలైంది.

అపోహ: మద్దతు ధర మన హక్కు, తక్కువకు కొన్నవాళ్ల మీద కేసు వేయొచ్చు.

వాస్తవం: మద్దతు ధర ప్రభుత్వం ప్రకటించే ధర. ఆ ధరకే కొనాలని ప్రైవేటు వ్యాపారిని కట్టడి చేసే కేంద్ర చట్టం ఏదీ లేదు. 2020లో తెచ్చిన మూడు సాగు చట్టాల్లోనూ అది లేదు. వాటిని 2021లో రద్దు చేశాక కొత్తగా వచ్చిందీ లేదు. 

2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. దాని మీద ఒడిశా ప్రభుత్వం మరో 800 సాగు సాయంగా ఇచ్చింది. గట్టుకు అవతల 2,300, ఇవతల 3,100. ఇక ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. అవతలి బంధువుల ధాన్యం ఇవతలి రైతు టోకెన్ మీద అమ్మితే తప్పేముందని నన్ను అడిగినవాళ్లు చాలామంది. తప్పుంది. ధాన్యం కొనే గిరిజన ప్రాంత సహకార సంఘం 'ల్యాంప్స్'లో మీ పేరు నమోదయ్యేది ఒడిశాలోని మీ భూమి రికార్డు, మీరు వేసిన పంట ఆధారంగా. డబ్బు మీ ఖాతాలో పడుతుంది. రేపు విచారణ జరిగితే జవాబు చెప్పేదీ మీరే. రాత్రిపూట లారీ పంపిన మధ్యవర్తి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

మండీలో తరుగు పేరుతో బస్తాకు కొన్ని కిలోలు కోసేయడాన్ని ఇక్కడ 'కట్నీ-ఛట్నీ' అంటారు. దీన్ని ఆనవాయితీ అనుకోకండి. తేమ 17 శాతం లోపు ఉండి నాణ్యత సరిపోతే కోత కోయడానికి వీల్లేదు. తేమ కొలిచే యంత్రం చూపించమనండి. కోత కోస్తే ఎంత కోశారో రాసివ్వమనండి. రాసివ్వమన్న మాటకే చాలాసార్లు కోత తగ్గడం నేను చూశాను.

అపోహ: విత్తనం మొలకెత్తకపోతే మన ఖర్మ. పైగా కొన్నది ఆంధ్రాలో, ఇక్కడ ఎవరికి చెప్పుకుంటాం?

వాస్తవం: ఈ అపోహ విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు తెచ్చింది తెలుగు రైతులే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని తేల్చింది. ఆ వివాదం పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లోనే. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదు కదా అన్న అభ్యంతరాన్నీ కోర్టు ఒప్పుకోలేదు. కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు, పరీక్ష కోసం నమూనా దాచుకుంటాడని ఆశించడం అన్యాయం అంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టంతో సరిహద్దు చిక్కు కూడా తీరింది. ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే అక్కడి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. పార్వతీపురంలో కొన్న విత్తనానికి రాయగడలో కేసు వేయొచ్చన్నమాట. కొన్న విలువ ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇంత మంచి దారి ఉన్నా నా దగ్గరకు వచ్చే పది మందిలో ఆరేడుగురిని వెనక్కి పంపాల్సి వస్తోంది. బిల్లు ఉండదు. "బిల్లయితే ఒక రేటు, లేకపోతే ఒక రేటు" అన్న మాటకు లొంగిపోయి ఉంటారు. బిల్లు, ఖాళీ సంచి, దాని మీది లాట్ నంబరున్న చీటీ, ఈ మూడూ కోత అయ్యేదాకా అటక మీద ఉంచండి. మొలక దెబ్బతిందని అనుమానం రాగానే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పొలం చూసి నివేదిక ఇమ్మని అడగండి. మొక్క పీకేసి వేరే పంట వేశాక ఎవరు వచ్చి ఏం చూస్తారు?

గడ్డిమందును తట్టుకుంటుందని చెప్పి బిస్సంకటక్, గుణుపురం పత్తి రైతులకు అంటగట్టే పేరులేని ప్యాకెట్ల సంగతి వేరు. అలాంటి పత్తికి దేశంలో అనుమతి లేదు. అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనం అమ్మడం పర్యావరణ నిబంధనల కింద నేరం. అది పోతే అడగడానికి బిల్లూ ఉండదు, నోరూ ఉండదు.

అపోహ: ఎరువుల షాపులో సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇస్తే భయం లేదు, అంకె మనం వేయలేదు కదా.

వాస్తవం: 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన చెక్కులో మిగతాది వేరేవాళ్లు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చినట్టు చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది మీరే. ఇక సరిహద్దు సంగతి: 2015 సవరణ తర్వాత చెక్కు కేసు నడిచేది, దాన్ని జమ చేసుకున్న వ్యక్తి ఖాతా ఏ బ్యాంకు శాఖలో ఉందో ఆ పరిధిలోని కోర్టులో. షాపు యజమాని ఖాతా పాలకొండలో ఉంటే మీరు పాలకొండ తిరగాలి. వెళ్లకపోతే వారెంటు గట్టు దాటి వస్తుంది.

ఇదే సూత్రం మీకు పనికొచ్చే సందర్భమూ ఉంది. జీడిపప్పు, పత్తి కొనుక్కుపోయి చెల్లని చెక్కు ఇచ్చిన అవతలి వ్యాపారి మీద, మీ ఖాతా ఉన్న పర్లాకిమిడిలోనే కేసు వేయొచ్చు. కాకపోతే గడువులు కఠినం. చెక్కు చెల్లలేదని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెల్లించడానికి 15 రోజులు వదలాలి. ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. "పండగ అయ్యాక ఇస్తానన్నాడు" అని సంక్రాంతి దాకా ఆగి, కనుమ తర్వాత నా దగ్గరకు వచ్చేవాళ్లే ఎక్కువ.

అపోహ: రైతుల కంపెనీ పెట్టుకుంటే లెక్కలుండవు, పన్నుండదు.

వాస్తవం: పది మంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టొచ్చు. మంచి ఆలోచనే. అయితే అది సంఘం కాదు, కంపెనీ. ఏటా ఆడిటు, సర్వసభ్య సమావేశం, వార్షిక పత్రాల దాఖలు తప్పవు. ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు వంద రూపాయలు. రెండేళ్లు మరిచిపోయిన ఒక కంపెనీ డైరెక్టర్లు నా దగ్గరకు వచ్చినప్పుడు, వాళ్ల అదనపు రుసుము మూలధనంలో సగాన్ని మించిపోయింది. రైతు సొంత పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కంపెనీ కొని అమ్మిన వ్యాపారం మీద లాభానికి మాత్రం ఉంది. ఇలాంటి కంపెనీలకు ఇచ్చిన పూర్తి మినహాయింపు 2023-24 ఆర్థిక సంవత్సరం ఆదాయంతో ముగిసింది. కోళ్లు, పాడి ఆదాయం కూడా వ్యవసాయం కింద రాదు.

అపోహ: తాతల నాటి తెలుగు దస్తావేజులు ఒడియా రాష్ట్రంలో చెల్లవు.

వాస్తవం: 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆనాటి దస్తావేజులు తెలుగులో ఉండటంలో వింత లేదు, భాష వల్ల అవి చెల్లకుండా పోవు. నమ్మదగిన అనువాదం జత చేస్తే కోర్టు చూస్తుంది. పైగా ఉండాల్సిన చోటి నుంచి వచ్చిన ముప్పై ఏళ్లు దాటిన పత్రంలోని సంతకం, చేతిరాత అసలువేనని కోర్టు భావించవచ్చు. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు 'భూలేఖ్'లో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, శిస్తు వసూలు కోసమేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అలాంటప్పుడు హక్కు తేల్చేది ఆ పాత కాగితమే కావచ్చు. అందుకే ఒక మనవి: ట్రంకుపెట్టెలోంచి తీసి నా దగ్గరకు తెచ్చేటప్పుడు భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించకండి. సిరా, ముద్ర, కాగితం పరీక్షకు పంపాల్సి వస్తే ఆ పొర ఊడదీయలేం. పాత పంచె గుడ్డలో చుట్టి తెచ్చినా చాలు.