తీగ వినాలంటే మట్టి పట్టుకోవాలి

చిరంజీవులకు ఆశీస్సులు.

కాజీపేట దగ్గర పట్టాల పక్కన పాతిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ రైలు చప్పుడు వింటుందా అని అడిగారు కదా. వింటుంది. కాకపోతే ఇంజనీర్లకు పనికొచ్చేంత బాగా వినాలంటే చాలా కష్టపడాలి.

ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు పోగు. ఒక చివర నుంచి లేజర్ పల్స్‌లు, అంటే క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని వెలుగు మెరుపులు పంపుతారు. గాజు ఎంత స్వచ్ఛమైనదైనా లోపల అతి సూక్ష్మమైన తేడాలుంటాయి. వాటికి తగిలి పిసరంత వెలుగు వెనక్కి వస్తుంది. దాన్నే రేలీ స్కాటరింగ్ అంటారు. నేల అదిరితే పోగు సాగుతుంది, వెనక్కొచ్చే వెలుగు ఫేజ్, అంటే వెలుగు అల ఏ దశలో ఉందన్నది, మారుతుంది. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కాబట్టి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి కదిలింది ఎక్కడో లెక్క కట్టొచ్చు.

పల్స్ 100 నానోసెకన్లుంటే 10 మీటర్ల ముక్కను ఒకటిగా చూస్తుంది, 10 అయితే 1 మీటరును. కానీ పల్స్ పొట్టిదైతే వెలుగు తక్కువ, సిగ్నల్ నాయిస్‌లో మునిగిపోతుంది. అందుకే ఇప్పుడు ఫ్రీక్వెన్సీ మారుతూ పోయే పొడవాటి పల్స్ పంపి, తిరిగొచ్చాక లెక్కలతో దాన్ని కుదిస్తున్నారు. నాకు చాలా నచ్చిన ఉపాయమిది.

అయినా అసలు చిక్కు మట్టిలోనే ఉందంటాను. టెలిఫోన్ కోసం వేసే ఫైబర్ కేబుల్‌లో పోగులు జెల్లీ నింపిన గొట్టంలో వదులుగా ఉంటాయి, ఆ కేబుల్ మళ్లీ ప్లాస్టిక్ పైపులో. గాజు మీద ఒత్తిడి పడకూడదని చేసిన ఏర్పాటది. వినడానికి మాత్రం అదే అడ్డం. కాలువ కట్ట మీదో, భూపాలపల్లి గనిలోనో వాడాలంటే పోగు బిగుతుగా ఉన్న కేబుల్‌ను పైపు లేకుండా పాతి, మట్టి గట్టిగా దిమ్మిస చేయాలి. ఇంకోటి, పోగు తన పొడవునా వచ్చే కదలికనే బాగా పసిగడుతుంది. పక్క నుంచి అడ్డంగా వచ్చి తగిలే ధ్వని దానికి సరిగా అందదు. అందుకే పోగును స్ప్రింగ్‌లా చుట్టిన కేబుళ్లు కూడా తయారుచేస్తున్నారు.

చివరగా, చాలామంది తొందరలో వదిలేసే పని ఒకటుంది. రేపు తెగితే పనికొస్తుందని జాయింట్ ఛాంబర్లలో (కేబుల్ ముక్కలను అతికే గుంతల్లో) కేబుల్‌ను చుట్టలు చుట్టి వదులుతారు. అందువల్ల మెషిన్ చూపే 3,000వ మీటరు నేల మీద 3,000వ మీటరు కాదు. కేబుల్ దారి పొడవునా ఆగి ఆగి సమ్మెటతో నేలను కొట్టాలి. స్క్రీన్ మీద ఏ మీటరు కదిలిందో మ్యాప్‌లో రాసుకోవాలి. ఎండలో విసుగొచ్చే పనే. అది చేయకపోతే కాలువ కట్టకు లీకు ఒకచోట, బాగుచేయడానికి తవ్వే గొయ్యి ఇంకోచోట అవుతుంది.

మీ తాత,
హన్మకొండ