కెప్టెన్ కోపం: మెల్‌బోర్న్ నుంచి మెల్‌బోర్న్ దాకా

1981 ఫిబ్రవరి 10, మెల్‌బోర్న్ టెస్టు. 70 పరుగుల మీదున్న కెప్టెన్ సునీల్ గవాస్కర్‌ను ఆస్ట్రేలియా పేసర్ లిల్లీ బౌలింగ్‌లో అంపైర్ ఎల్బీ ఇచ్చాడు. బంతి ముందు బ్యాట్‌కు తగిలిందని గవాస్కర్ వాదన. కాదు, ఇదిగో ఇక్కడ తగిలిందని లిల్లీ దగ్గరికొచ్చి మరీ ప్యాడ్ చూపించాడు. తిట్టుకుంటూ వెళ్తున్న గవాస్కర్‌కు వెనక నుంచి ఏవో మాటలు వినపడ్డాయి. అంతే, గిరుక్కున తిరిగొచ్చి అవతలి ఎండ్‌లో ఉన్న చేతన్ చౌహాన్‌నూ వెంటబెట్టుకుని నడిచాడు. బౌండరీ దగ్గర మేనేజర్ షాహిద్ దురానీ ఎదురొచ్చి చౌహాన్‌ను వెనక్కి పంపబట్టి సరిపోయింది, లేకపోతే మ్యాచ్ అక్కడే చేజారేది. మర్నాడు తొడ గాయంతోనే కపిల్‌దేవ్ 5 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 83కే ఆలౌటై మనం గెలిచాం. ఆ రోజు అలా చేసినందుకు బాధపడ్డానని గవాస్కరే తర్వాత ఒప్పుకున్నాడు.

కెప్టెన్‌కు ఆవేశం ఉండాలా, వద్దా అన్న వాదన మన దగ్గర అప్పటినుంచీ తెగలేదు. 2002లో లార్డ్స్ బాల్కనీలో గంగూలీ చొక్కా విప్పి తిప్పితే ఆవేశం గెలిచిందన్నారు. 2007లో ధోనీ టీ20 ప్రపంచకప్ తెచ్చాక కెప్టెనంటే కూల్‌గా ఉండాలన్నారు. ఆ కూల్ ధోనీయే 2019లో జైపూర్ ఐపీఎల్ మ్యాచ్‌లో నోబాల్ గొడవకు డగౌట్ నుంచి మైదానంలోకి వచ్చేసి, సగం మ్యాచ్ ఫీజు జరిమానా కట్టాడు. ఇక కోహ్లీ సంగతి చెప్పక్కర్లేదు. నన్నడిగితే కెప్టెన్ కోపం బయటికి చూపించాడా, లోపల దాచాడా అన్నది పెద్ద విషయం కాదు. తప్పు చేసినవాడికి, దెబ్బ తిన్నవాడికి ఆ క్షణంలో కెప్టెన్ నుంచి ఏం అందిందన్నదే చూడాలి.

2020 డిసెంబర్‌లో అడిలైడ్‌లో 36కే ఆలౌటయ్యాం. బిడ్డ పుట్టబోతోందని కోహ్లీ ఇంటికెళ్లాడు, పగ్గాలు రహానేకు వచ్చాయి. మళ్లీ అదే మెల్‌బోర్న్. రహానే 112 మీద, జడేజా 49 మీద ఉన్నారు. అర్ధసెంచరీ తొందరలో జడేజా లేని పరుగుకు పిలిచాడు, రహానే రనౌట్. అలాంటప్పుడు బ్యాట్ విసిరిన కెప్టెన్లను చూశాం. ఇతను జడేజా దగ్గరికెళ్లి, పర్వాలేదు ఆడుకో అన్నట్టు తట్టి వెళ్లిపోయాడు.

ఆ టెస్టుతోనే మన హైదరాబాదీ సిరాజ్ టెస్టుల్లోకి వచ్చాడు. ఆటో నడిపి పెంచిన తండ్రి నవంబర్‌లోనే పోయాడు. చివరిచూపుకు కూడా వెళ్లకుండా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయిన కుర్రాడు. తర్వాతి టెస్టు సిడ్నీలో. అక్కడ గ్యాలరీ నుంచి జాతి పేరుతో తిట్లు వినపడితే నేరుగా వెళ్లి కెప్టెన్‌కు చెప్పాడు. రహానే అంపైర్లను పిలిచి ఆట ఆపించాడు. కావాలంటే మైదానం వదలవచ్చని అంపైర్లంటే, మేం ఆడటానికొచ్చాం అన్నాడు. పోలీసులు కొందరు ప్రేక్షకులను బయటికి పంపించాక ఆట సాగింది. మర్నాడు కాకినాడ కుర్రాడు హనుమ విహారి కుంటుతూనే 161 బంతులు కాచుకుని, అశ్విన్‌తో కలిసి ఆ టెస్టును డ్రాగా మిగిల్చాడు.

చివరి టెస్టు బ్రిస్బేన్‌లో, గబ్బా మైదానంలో. సిరాజ్ రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 1988 నుంచి ఆస్ట్రేలియా ఓడని ఆ గబ్బాలో గెలిచి సిరీస్ పట్టేశాం. రహానే అందుకున్న కప్పును తీసుకెళ్లి కొత్తగా వచ్చిన నటరాజన్ చేతిలో పెట్టాడు. ఆ కప్పు పేరు బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ. అందులో ఒక పేరు ఆ గవాస్కర్‌దే.