నోరు పూసిన రోజే క్యాలెండర్‌లో తేదీ చుట్టండి

నోట్లో పుండు లేచిన రోజే గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో ఒక సున్నా చుట్టండి. ఏ పూతమందు కంటే ముందు చేయాల్సిన పని ఇదే. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఎవరికైనా నోరు పూసినా, పొక్కినా మొదట వినపడే మాట "వేడి చేసింది". ఆ వెంటనే మెడికల్ షాపులో ఒక షీటు బీ కాంప్లెక్స్ గోలీలు. నాలుగు రోజులు మింగాక పుండు మానితే గోలీలకు పేరొస్తుంది. నిజానికి మామూలు నోటి పుండు ఏ మందూ వేయకపోయినా 7 నుంచి 14 రోజుల్లో మచ్చ కూడా మిగల్చకుండా మానిపోతుంది. మన చేతిలో ఉన్నవి రెండే: ఆ రోజుల్లో మంట తగ్గించుకోవడం, మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందో పట్టుకోవడం.

ముందు అది ఏ పుండో చూడాలి. మామూలు నోటి పుండును వైద్యులు ఆఫ్థస్ అల్సర్ అంటారు. అది గుండ్రంగానో కోలగానో ఉంటుంది. సాధారణంగా సెంటీమీటరు కంటే చిన్నది. మధ్యలో పసుపు కలిసిన తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు. పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక పక్కల, నాలుక కింద, అంటే మెత్తటి పొర ఉన్న చోట్లే వస్తుంది. ఇది అంటుకోదు, ఎంగిలి తగిలినా రాదు. పెదవి బయట నీటి పొక్కుల గుత్తిలా మొదలైతే అది హెర్పిస్ వైరస్ పని. అది అంటుకుంటుంది, దానికి స్టెరాయిడ్ పూత రాయకూడదు. పెదవుల మూలలు పగలడం ఇంకో సంగతి. దానికి ఉన్న కారణాల్లో బీ2 విటమిన్ లోపం ఒకటి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ లోపం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. బీ కాంప్లెక్స్‌కు నోటి మందుగా ఇంత పేరు రావడానికి ఈ మూలల పగుళ్లే కొంత కారణమని మా అభిప్రాయం. బుగ్గలో పుండుకు బీ2తో అంత సంబంధం లేదు.

పొట్టలోని వేడి నోటికి ఎక్కడమూ కాదు. ఒంట్లోని రక్షణ కణాలే నోటి పలుచని పొర మీద పొరపాటున దాడి చేస్తాయి. ఈ తీరు కుటుంబాల్లో నడుస్తుంది. సకినం ముక్క గుచ్చుకోవడం, బుగ్గ కొరుక్కోవడం, గట్టి కుచ్చుల బ్రష్షు, నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి, నెలసరి ముందు రోజులు, ఇలాంటివి ఆ దాడికి తలుపు తీస్తాయి. మిర్చి బజ్జీ చాలామందిలో పుండును పుట్టించదు, ఉన్నదాన్ని మండిస్తుంది. పొర లేచిపోయి నరాల కొసలు బయటపడి ఉంటాయి కదా, మిరపలోని ఘాటు నేరుగా వాటినే తాకుతుంది. పొగలు కక్కే ఇరానీ చాయ్, నిమ్మరసం, చింతపండు పులుసు కూడా అంతే. ఆ వారం పెసరకట్టు, చల్లారిన రాగి జావ, పాలలో నానిన ఇడ్లీ, పులవని పెరుగన్నం హాయి.

పుక్కిలించడానికి ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు చాలు. ఉప్పు మరీ మంటగా ఉంటే అరకప్పు నీళ్లలో ఒక టీస్పూను తినే సోడా కలపండి. బేకింగ్ పౌడర్ కాదు, అందులో పులుపు కూడా కలిసి ఉంటుంది. అర నిమిషం తిప్పి ఉమ్మేయాలి, రోజుకు మూడు నాలుగు సార్లు.

పూతమందుల్లో బాగా పనిచేసేది 0.1 శాతం ట్రైయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ నోటి పేస్టు. ఒకసారి డాక్టరుకో డెంటిస్టుకో చూపించి తీసుకోండి. "రాస్తున్నా తగ్గట్లేదు" అనే వాళ్లలో ఎక్కువమంది తడి పుండు మీద రాస్తారు. పది నిమిషాల్లో ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. శుభ్రమైన దూదితో పుండును అద్ది ఆరబెట్టండి. మెంతిగింజంత పేస్టు తీసుకుని అద్దండి, రుద్దకండి. రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది. తిన్న తర్వాత, పడుకునే ముందు రాసి, అరగంట ఏమీ తినకండి, తాగకండి. చురుక్కుమనే తొలిరోజే మొదలుపెడితే ఫలితం ఎక్కువ. వారానికీ తగ్గకపోతే ఆపి మళ్లీ చూపించండి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతంది అయితే 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. పళ్లు తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురగ పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది, అరగంట ఆగాలి. వెంటనే చాయ్ తాగితే పళ్లకు మరకలు పడతాయి. సాలిసిలేట్ ఉన్న మంట తగ్గించే జెల్ 16 ఏళ్ల లోపు పిల్లలకు వద్దు. ఏడాది నిండని పాపకు తేనె నాకించకూడదు. పుండు మీద సున్నం, ఆస్పిరిన్ గోలీ పెట్టేవాళ్లున్నారు. అవి పొరను కాల్చేస్తాయి. చిన్న పుండు పెద్దదవుతుంది.

ఇక మూడు నెలల సున్నాలు ఒకచోట పెట్టి చూడండి. నెలనెలా ఒకే సమయానికి వస్తున్నాయా, పరీక్షల వారంలోనా, కొత్త టూత్‌పేస్టు కొన్నాకా? పేస్టు డబ్బా మీద సోడియం లారిల్ సల్ఫేట్ (నురగ తెప్పించే పదార్థం) అని ఉంటే అది లేనిదానికి మార్చి రెండు మూడు నెలలు గమనించండి. కొందరికి పుండ్లు తగ్గుతాయి. అయినా వస్తుంటే రక్తపరీక్ష చేయించాలి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్ (ఈ రెండూ బీ విటమిన్లే). మాంసాహారం ముట్టనివాళ్లలో, షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో బీ12 పడిపోవడం మామూలే. ఇజ్రాయెల్‌లో జరిగి 2009లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో ఆరు నెలలపాటు రోజూ 1000 మైక్రోగ్రాముల బీ12 నాలుక కింద పెట్టుకున్నవాళ్లకు పుండ్లు బాగా తగ్గాయి. మామూలు బీ కాంప్లెక్స్ గోలీలో అంత ఉండదు. ఐరన్ తక్కువైతే, బిర్యానీ తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు మానండి. టీ ఐరన్‌ను ఒంటపట్టనివ్వదు. గంట ఆగండి.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి నోరంతా పూస్తే ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన గోలీని పొరపాటున రోజూ వేసుకున్నా మొదట నోరే చెబుతుంది. కళ్లు ఎర్రబడటం, మర్మాంగాల దగ్గర పుండ్లు, ఆగని విరేచనాలు తోడైనా అది ఉత్త నోటి జబ్బు కాదు.

క్యాలెండర్‌లో సున్నా నుంచి మూడు వారాలు దాటినా అదే చోట పుండు ఉంటే ఇంటి వైద్యం అక్కడితో ఆపేయండి. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. అంచు గట్టిగా, నొప్పి లేని పుండే ఎక్కువ అనుమానించదగ్గది. ఖైనీ, గుట్కా, జర్దా పాన్ అలవాటున్నవాళ్లు, నోరు మునుపటిలా తెరుచుకోనివాళ్లు మూడు వారాలు కూడా ఆగొద్దు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లగానే పుండు ఏ తేదీన మొదలైందో అడుగుతారు.