గడువు దాటితేనే మళ్లీ పరీక్ష: డ్రైవింగ్ లైసెన్సు నియమం వెనుక కథ

లైసెన్సు ఒకసారి చేతికొచ్చాక జీవితకాలంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదని మన దేశంలో చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. మోటారు వాహనాల చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు గడువు ముగిసి ఏడాది దాటిన తర్వాత రెన్యువల్‌కు వచ్చేవారు మళ్లీ ట్రాక్ మీద బండి నడిపి చూపించాల్సిందే. గడువులోగా వచ్చినవారిని మాత్రం, వారు ఇరవై ఏళ్లుగా స్టీరింగు ముట్టకపోయినా, చలాన్లు కుప్పలుగా పడినా, ఎవరూ పరీక్షించరు. అంటే పునఃపరీక్ష మన చట్టంలో ఉంది, కాకపోతే అది డ్రైవింగ్ నైపుణ్యంతో కాక దరఖాస్తులో జరిగిన ఆలస్యంతో ముడిపడి ఉంది. లైసెన్సున్న అందరికీ పదేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలన్న డిమాండు ఉంది. దాన్ని తూచాలన్నా, నియమం ఇలా ఎందుకైందో అర్థం కావాలన్నా లైసెన్సు పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

బ్రిటన్‌లో 1903 నాటి మోటార్ కార్ చట్టం లైసెన్సును తప్పనిసరి చేసినప్పుడు పరీక్ష ఊసే లేదు. ఐదు షిల్లింగులు కట్టి, 17 ఏళ్లు నిండాయని చెబితే కారు నడిపే లైసెన్సు ఇచ్చేవారు. తప్పు చేసిన డ్రైవరు ఎవరో పోల్చుకోవడానికీ, కోర్టు శిక్ష వేస్తే దాన్ని నమోదు చేయడానికీ పనికొచ్చే కాగితం అది. 1934లో ఆ దేశపు రోడ్ల మీద 7,343 మంది చనిపోయిన నేపథ్యంలో, 1935 జూన్ 1 నుంచి డ్రైవింగ్ పరీక్షను తప్పనిసరి చేశారు. అయితే 1934 ఏప్రిల్ 1కి ముందే బండి నడపడం మొదలుపెట్టినవారికి మినహాయింపు ఇచ్చారు. పరీక్ష పెట్టడానికి కారణమైన ప్రమాదాలు జరిగింది ఎవరి చేతుల్లోనో వారినే పరీక్ష నుంచి తప్పించారన్నమాట. పాతవారి జోలికి పోకుండా కొత్తవారికే నిబంధన పెట్టే ఈ పద్ధతి ఆ తర్వాత చాలా దేశాల్లో కనిపిస్తుంది, రాజకీయంగా అది సులువు కనుక. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పరీక్షలు ఆపేసి, యుద్ధం ముగిశాక 1947లో, ఆ కాలపు తాత్కాలిక లైసెన్సులను పరీక్ష లేకుండానే పూర్తి లైసెన్సులుగా మార్చుకోవడానికి ఏడాది గడువు కూడా ఇచ్చారు. మొదట ఏటా రెన్యువల్ చేయించుకోవలసిన లైసెన్సు 1957లో మూడేళ్లకు, 1976 నుంచి 70 ఏళ్ల వయసు దాకా చెల్లేలా మారింది. ఈ పొడిగింపులు జరిగింది కాగితాల పని తగ్గించడానికే గాని, డ్రైవర్లు మెరుగుపడ్డారని ఎవరో తేల్చినందుకు కాదు.

మన దేశంలో 1914 నాటి చట్టం లైసెన్సును తెచ్చింది, 1939 చట్టం నడిపే సామర్థ్యానికి పరీక్షను షెడ్యూలులో చేర్చింది. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టం పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. 2019 సవరణ దాకా ఉన్న పద్ధతి ప్రకారం సొంత వాహనాల లైసెన్సు 20 ఏళ్లు, లేదా 50 ఏళ్ల వయసు వచ్చేదాకా, వీటిలో ఏది ముందైతే అప్పటివరకు చెల్లేది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువు ముగిసి ఐదేళ్లు దాటితే, పరీక్ష పాసైతే తప్ప రెన్యువల్‌ను నిరాకరించే అధికారం లైసెన్సింగ్ అధికారికి ఉండేది. 2019 సవరణ ఈ ఐదేళ్లను ఏడాదికి కుదించి, అధికారి విచక్షణను తీసేసి, పరీక్షను తప్పనిసరి చేసింది. లైసెన్సు కాలపరిమితిని కూడా తగ్గించింది: 30 నుంచి 50 ఏళ్ల మధ్య తీసుకుంటే పదేళ్లు, 55 దాటాక తీసుకుంటే ఐదేళ్లు. గడువు ముగిశాక ఉండే 30 రోజుల వెసులుబాటు కూడా పోయింది. తెలంగాణ పోలీసు డ్రైవర్ల నియామకాల వివాదంలో ఈ చివరి అంశమే సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, గడువు ముగిసిన నాటి నుంచి రెన్యువల్ అయ్యేదాకా లైసెన్సు లేనట్టేనని కోర్టు తేల్చింది.

రెన్యువల్ సంఖ్య పెరిగిందే గాని, రెన్యువల్‌లో చూసేది మారలేదు. ఫారం 1లో ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ప్రకటన, 40 దాటినవారికి ఫారం 1ఏలో డాక్టరు సర్టిఫికెట్, ఫీజు, అంతే. ఆ సర్టిఫికెట్ ఎంత పరీక్ష చేసి ఇస్తారో ఆర్టీఏ ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపుల వైపు వెళ్లినవారికి చెప్పనక్కరలేదు. పైగా 2021 మార్చిలో కేంద్రం ఆధార్ ఆధారంగా ఆఫీసుకు రాకుండానే పొందగలిగే సేవల జాబితాను ప్రకటించినప్పుడు, పరీక్ష అవసరం లేని లైసెన్సు రెన్యువల్‌ను అందులో చేర్చింది. పౌరుడికి ఇది నిజంగా సౌకర్యమే, కాని డ్రైవరును అధికారి కళ్లారా చూసే చివరి సందర్భం కూడా దీంతో పోయింది.

అసలు మొదటి పరీక్షే ఎంతమందికి జరిగింది అన్నది మన దగ్గర ఇంకా పెద్ద ప్రశ్న. ఢిల్లీలో 822 మంది లైసెన్సు దరఖాస్తుదారులను అనుసరించి ఆర్థికవేత్తలు చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, లైసెన్సు పొందినవారిలో సుమారు 71 శాతం మంది డ్రైవింగ్ పరీక్షకు హాజరే కాలేదని తేలింది. పరిశోధకులు విడిగా పెట్టిన పరీక్షలో 62 శాతం మంది బండి నడపడానికి అర్హత లేనివారిగా తేలారు. ఏజెంటు ద్వారా వెళితే ట్రాక్ తప్పించుకోవచ్చన్నది తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు. పదేళ్లకోసారి పరీక్ష పెట్టాలన్న డిమాండుకు మన దగ్గర మొదటి అడ్డంకి ఇదే: అదే కౌంటరు, అదే ఏజెంటు, అయితే ఈసారి పదేళ్లకోసారి.

వయసును బట్టి పునఃపరీక్ష పెట్టిన దేశాల అనుభవమూ మిశ్రమంగానే ఉంది. అమెరికాలో 75 దాటినవారికి రోడ్డు పరీక్ష పెట్టిన న్యూహాంప్‌షైర్ 2011లో దాన్ని ఎత్తేసింది. ఇల్లినాయిస్ 79 ఏళ్ల హద్దును 87కు పెంచుతూ 2025లో చట్టం చేసింది. వృద్ధ డ్రైవర్లకు వైద్య పరీక్షలున్న ఫిన్‌లాండ్‌ను, అవి లేని స్వీడన్‌తో 1990లలో పోల్చినప్పుడు ప్రమాదాలు తగ్గిన దాఖలా కనిపించలేదు, పైగా ఫిన్‌లాండ్‌లో వృద్ధ పాదచారుల మరణాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కారు వదిలేసినవారు నడవడం మొదలుపెడతారు, నడిచే వృద్ధుడికి రోడ్డు ఇంకా ప్రమాదకరం. జపాన్ మాత్రం వేరే దారి పట్టింది. 2019లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల డ్రైవరు కారు దూసుకెళ్లి తల్లీకూతుళ్లు మరణించిన ఘటన దేశాన్ని కదిలించాక, 2022 మే నుంచి 75 దాటినవారిలో కొన్ని నిర్దిష్ట ఉల్లంఘనలు చేసినవారికి మాత్రమే డ్రైవింగ్ నైపుణ్య పరీక్ష పెట్టింది. వయసు ఒక్కటే చాలదని, నడిపిన తీరు కూడా చూడాలని అక్కడి చట్టం ఒప్పుకుంది.

అందరికీ పరీక్ష అంటే పరిమాణమూ చూడాలి. బ్రిటన్‌లో పూర్తి లైసెన్సులు 4 కోట్లకు పైగా ఉన్నాయి. పదేళ్లకోసారి పరీక్ష అంటే ఏటా 40 లక్షల అదనపు పరీక్షలు. ఇప్పుడు అక్కడ ఏటా జరిగేవి 20 లక్షలకు అటుఇటుగా ఉంటేనే కొత్తవారు నెలల తరబడి వేచి ఉంటున్నారు. యూరప్ బస్సు, లారీ డ్రైవర్లకు కూడా పరీక్ష కాకుండా ఐదేళ్లకోసారి 35 గంటల శిక్షణతో సరిపెట్టింది. మన చట్టంలోనూ ప్రమాదకర రసాయనాలు, ఇంధనాలు రవాణా చేసే డ్రైవర్ల లైసెన్సు రెన్యువల్‌కు రిఫ్రెషర్ శిక్షణ షరతు ఉంది. గడువులోగా వచ్చినా మళ్లీ నేర్చుకోమని చట్టం చెప్పే అరుదైన చోటు అదే.

మరో చిక్కు, పరీక్ష కొలిచేదేమిటన్నది. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోగా, అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఇన్‌స్పెక్టరు చూస్తుండగా ఎనిమిది వేసేటప్పుడు ఎవరూ అతివేగంగా పోరు. ట్రాక్ పరీక్షలో చేతకానితనం బయటపడుతుంది, అలవాటు బయటపడదు. అలాగని పాత లైసెన్సుదారులకు నేర్చుకోవలసింది లేదనీ కాదు. 1990లలో స్కూటరు మీద ఎనిమిది వేసి పాసైన వ్యక్తి ఇవాళ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు తోలుతుంటే, వరుసల క్రమశిక్షణ గురించి అతన్ని ఎవరూ ఎప్పుడూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎల్‌ఎల్‌ఆర్‌కు కంప్యూటరు మీద పెట్టే ప్రశ్నల పరీక్షను రెన్యువల్‌కు జోడించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు, ఇది ఎందుకు జరగలేదో ఈ రచయితకు అర్థం కాదు.

ఉల్లంఘనతో పరీక్షను ముడిపెట్టే పద్ధతికి బ్రిటన్‌లోనే ఉదాహరణ ఉంది. 1995లో చేసి 1997 జూన్ నుంచి అమలు చేసిన కొత్త డ్రైవర్ల చట్టం ప్రకారం, లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే అది రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాసి, నడిపి చూపాలి. తెలంగాణ 2017 ఆగస్టు 1 నుంచి, 24 నెలల్లో 12 పాయింట్లు పడితే లైసెన్సును ఏడాది పాటు సస్పెండ్ చేసే పద్ధతి తెచ్చింది, కాని అందులో శిక్ష సస్పెన్షనే. 2019 సవరణ 19వ సెక్షన్‌లో రిఫ్రెషర్ శిక్షణ కోర్సును చేర్చి, స్వాధీనం చేసుకున్న లైసెన్సును అది పూర్తి చేశాకే తిరిగి ఇవ్వాలంది. ఉల్లంఘనలున్నవారికి రెన్యువల్ సమయంలో పరీక్ష పెట్టాలన్న కేంద్ర రవాణా శాఖ ఆలోచన 2025లో వార్తల్లోకి వచ్చింది. అది చట్టంగా మారాలంటే 15వ సెక్షన్‌లో ఆలస్యం పక్కన చలాన్ల చరిత్రకూ చోటివ్వాలి, చలాన్ల సమాచారం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తప్పుల్లేకుండా లైసెన్సు నంబరుకు చేరాలి. ప్రస్తుతం కెమెరా చలాను బండి నంబరు మీద, అంటే యజమాని పేరున పడుతుంది, నడిపింది ఎవరన్నది అందులో ఉండదు.