యాంటీబాడీ అంటుకుంటే గడ్డ కరిగినట్టేనా?

అండాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత గడ్డ ముక్క మా పాథాలజీ ల్యాబ్‌కు వస్తుంది. రిపోర్టు చేతికి అందాక ఇంటివాళ్లు అడిగే మాటలు దాదాపు ఒకటే.

అపోహ: ‘పాక్స్8 పాజిటివ్’ అంటే ఒంట్లో ఇంకో జబ్బు బయటపడింది.

వాస్తవం: పాక్స్8 కణాల కేంద్రకంలో ఉండే ఒక ప్రొటీన్. అది ఉందో లేదో చూసే ఈ పరీక్షలో యాంటీబాడీ (ఒక ప్రొటీన్‌ను వెతికి పట్టుకునేది) మేం వేసిందే. ముక్కను మైనంలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి, గాజు స్లైడ్ మీద యాంటీబాడీ వేసి కడుగుతాం. అది అంటుకున్న చోట గోధుమ రంగు తేలుతుంది. పాక్స్8కి కణాల కేంద్రకాలు గోధుమ రంగులోకి మారితే, గడ్డ పేగు నుంచి పాకింది కాదు, అండాశయం వైపే మొదలైందనడానికి అది మంచి ఆధారం. ‘పాజిటివ్’ అన్న మాట చూసి టెన్షన్ పడకండి.

అపోహ: ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు సూక్ష్మజీవుల మీదికే వెళ్తాయి.

వాస్తవం: అండాశయ క్యాన్సర్ కణాలకు రోగి సొంత యాంటీబాడీలే అంటుకుని ఉండటాన్ని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2022లో వివరంగా చూపించారు. వాటిలో కొన్ని ఎంఎంపీ14 అనే మన సొంత ప్రొటీన్‌నే పట్టుకున్నాయి.

అపోహ: అంటుకున్నాయంటే గడ్డ చచ్చిపోతున్నట్టే.

వాస్తవం: ఈ మాట నమ్మి కీమో మానేస్తామనేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. యాంటీబాడీ గుర్తు పెట్టినా, దాన్ని చంపాల్సిన రోగనిరోధక కణాలను గడ్డ తన చుట్టూ అణిచి ఉంచుతుంది. అలాగని అవి వృథా కాదు. అమెరికాలోని మోఫిట్ క్యాన్సర్ సెంటర్ వాళ్ల 2021 అధ్యయనంలో, ఐజీఏ అనే రకం యాంటీబాడీలు క్యాన్సర్ కణం లోపలికి వెళ్లి ఎదుగుదల సంకేతాలను తగ్గించాయి. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల దాడికి దాన్ని లొంగేలా చేశాయి. గడ్డలో ఐజీఏ ఎక్కువున్న రోగులు ఎక్కువ కాలం బతికారు కూడా. అయినా అది చికిత్సకు తోడే గానీ బదులు కాదు.

రక్తపరీక్షలో చూసే సీఏ-125 గురించి ఒక్క మాట. అది యాంటీబాడీ కాదు, యాంటీబాడీతో కొలిచే ప్రొటీన్. 35 దాటిందంటే క్యాన్సరే అనుకోవద్దు. ఎండోమెట్రియోసిస్‌లో, నెలసరి రోజుల్లో కూడా పెరుగుతుంది. పొట్టలో టీబీ ఉన్న అమ్మాయికి వందల్లో రావడం నేను చూశాను.

అపోహ: యాంటీబాడీ మందు అందరికీ పనిచేస్తుంది.

వాస్తవం: మిర్వెటుక్సిమాబ్ అనే మందుకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. యాంటీబాడీకి కీమో మందు తగిలించి, ఫోలేట్ రిసెప్టర్ అనే ప్రొటీన్ పైన ఉన్న కణాలకు చేర్చే పద్ధతి ఇది. ప్లాటినం కీమోకు లొంగని జబ్బుకు ఇస్తారు. ముందుగా మళ్లీ అదే గోధుమ రంగు పరీక్ష చేయాలి: నూటికి కనీసం 75 క్యాన్సర్ కణాలకు రంగు మధ్యస్థంగానో గట్టిగానో పట్టాలి. కంటి డాక్టర్ చేత చూపించుకోవడమూ తప్పనిసరి.

అందుకే మీ పారాఫిన్ బ్లాక్ (మైనంలో బిగించిన ఆ ముక్క) ఏ ల్యాబ్‌లో ఉందో, దాని నంబరు ఎంతో ఫైల్లో రాసి పెట్టుకోండి. జబ్బు తిరగబెడితే మేం మొదట అడిగేది అదే.