మన కిరాణా కొట్టు కిలో రాయికి ముత్తాత ఎవరో తెలుసా

కిరాణా కొట్లో పాత ఇనప కిలో రాయి ఎప్పుడైనా తిరగేసి చూశారా? అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో సీసం ఉంటుంది, ఆ సీసం మీద తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఉంటుంది. చిన్నప్పుడు మా వీధి కొట్లో సరుకులు కట్టేదాకా ఆ గుంట వేలితో తడుముతూ నిలబడేవాణ్ణి. వాడగా వాడగా రాయి అరిగి బరువు తగ్గుతుంది కదా, అప్పుడు ఆ గుంటలో సీసం సరిచేసి మళ్ళీ ముద్ర కొట్టేవాళ్ళంట, ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు.

సరే, ఎంత సీసం వెయ్యాలో ఎలా తెలుస్తుంది? ఇంకా కచ్చితమైన రాయితో పోల్చి. మరి ఆ రాయి కరెక్టేనా? దానికంటే పై రాయితో. అలా పోతూ పోతూ ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉన్న 57వ నంబర్ ప్లాటినం కిలో దగ్గరికి చేరతాం, అది కాపీయే, దాని పైన ప్యారిస్ పక్కన సెవ్ర్‌లో అసలు కిలో. 90 శాతం ప్లాటినం, 10 శాతం ఇరిడియం, 39 మిల్లీమీటర్ల ఎత్తు, అంతే వెడల్పు. గుప్పిట్లో పట్టేంత! 1889 నుంచి 2019 దాకా ప్రపంచం మొత్తానికీ కిలో అంటే అదే.

మనకైతే 1958 దాకా వీశెలు, మణుగులు, శేర్లే, పైగా శేరు ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉండేది. తులం మాత్రం ఇంకా పోలేదు, కాకపోతే అప్పట్లో 11.66 గ్రాములుండే తులాన్ని ఇప్పుడు బంగారం షాపులో 10 గ్రాములకి లెక్క కడుతున్నారు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, 1988లో మొదలుపెట్టి ఆ అసలు కిలోని దాని కాపీలతో పోల్చి చూస్తే చాలావాటికి దాదాపు 50 మైక్రోగ్రాముల దాకా తేడా వచ్చింది. అంటే మన వేలిముద్ర అంటితే అయ్యేంత బరువు. కాపీలు పెరిగాయా, అసలుది తగ్గిందా? తేల్చడానికి దారే లేదు, ఎందుకంటే అది ఎంత బరువుంటే అదే కిలో అని మనమే రాసుకున్నాం! నాకు ఈ మాట చదివినప్పుడు నిజంగా ఒళ్ళు జలదరించింది.

అందుకే 2018 నవంబర్ 16న ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో చాలా దేశాలు కూర్చుని ఓటేసి ఆ లోహపు ముక్కని పక్కన పెట్టేశాయి. 2019 మే 20 నుంచి కిలోకి ఆధారం ప్లాంక్ స్థిరాంకం. అది ప్రకృతిలోనే ఉన్న సంఖ్య, అరగదు, దుమ్ము పట్టదు. దాని నుంచి బరువు తేవడానికి కిబుల్ బ్యాలెన్స్ అనే త్రాసు వాడతారు, బరువు కిందికి లాగుతుంటే అయస్కాంతం మధ్య ఉన్న తీగచుట్టలోకి కరెంటు పంపి ఆ లాగుడికి సరిగ్గా సరితూగేలా చేస్తారు, ఆ కరెంటునీ వోల్టేజీనీ క్వాంటం పద్ధతుల్లో కొలిచి లెక్క కడితే బరువు తేలుతుంది.

ఆ ప్లాటినం ముక్క ఇప్పటికీ సెవ్ర్‌లోనే భద్రంగా ఉంది. నూట ముప్పై ఏళ్ళు అందరి బరువూ తేల్చిన దానికి, ఇప్పుడు ఎవరో ఒకరు తూచి చెప్తేనే తన బరువెంతో తెలిసేది.